దేవుణ్ణి నమ్మని మీరు, నమ్మే ఫ్రెండ్‌తో ఆ టాపిక్ ఎలా మాట్లాడాలి

మీకు దేవుడి మీద నమ్మకం లేదు, మీ క్లోజ్ ఫ్రెండ్‌కి మాత్రం ఉంది, అది కూడా గట్టిగా. ఇన్నాళ్ళూ ఆ టాపిక్ వచ్చినప్పుడల్లా మాట మార్చేసి లాక్కొచ్చారు. ఇప్పుడు తనే సూటిగా అడిగేసి ఉండొచ్చు, లేదా దాచుకుని తిరగడం మీకే విసుగొచ్చి ఉండొచ్చు, ఎలాగైతేనేం మాట్లాడాలి అనుకున్నారు. మంచిదే. కాకపోతే కాస్త ఆలోచించుకుని దిగితే బాగుంటుంది, ఈ టాపిక్ మీద నోరు జారితే వెనక్కి తీసుకోవడం కష్టం.

నేను చూసినంతలో ఈ మాటలు చెడేది మన దగ్గర పాయింట్లు లేక కాదు. మీరేమో "ఉన్నాడా లేడా" గురించి మాట్లాడుతుంటారు, ఫ్రెండేమో పోయిన వాళ్ళ నాన్న గురించో, చావు భయం గురించో, అంతా అయిపోయిందనుకున్న టైమ్‌లో తనని నిలబెట్టినదాని గురించో మాట్లాడుతుంటారు. ఇద్దరూ దేవుడు అనే మాటే వాడుతున్నారు కాబట్టి ఒకే విషయం మాట్లాడుకుంటున్నాం అనుకుంటారు. అందుకే కింద చెప్పినదాంట్లో సగానికి పైగా ఎదుటివాళ్ళు అసలు దేని గురించి మాట్లాడుతున్నారో కనిపెట్టడం గురించే, వాదించడం గురించి తక్కువే.

1. ముందు మీకేం కావాలో తేల్చుకోండి

ఎవరూ లేనప్పుడు నిజాయితీగా ఒక ప్రశ్న వేసుకోండి. గంటసేపు మాట్లాడాక ఫ్రెండ్ నమ్మకం వెంట్రుకవాసి కూడా కదల్లేదనుకోండి, టైమ్ వేస్టయింది అనిపిస్తుందా? అనిపిస్తుంది అంటే మీరు పోతున్నది మాట్లాడ్డానికి కాదు, మార్చడానికి. అది ఫ్రెండ్‌కి రెండో నిమిషంలోనే తెలిసిపోతుంది, ఆ తర్వాత మీరు ఎంత మర్యాదగా మాట్లాడినా లోపల తలుపేసుకుని వింటారు.

మార్చడం కాకుండా కోరుకోదగ్గవి చాలానే ఉన్నాయి. "నేనేంటో నీకు తెలియాలి, దాచి తిరగలేను" అన్నది ఒకటి. "ప్రతిసారీ నన్ను ప్రార్థనకి రమ్మని పిలుస్తున్నావ్, సాకులు చెప్పి చెప్పి అలసిపోయా" అన్నది ఇంకొకటి, నిజానికి చాలామందికి కావాల్సింది ఇదే. ఊరికే కుతూహలం కూడా ఉండొచ్చు, ఇంత తెలివైన మనిషి ఇది ఎలా నమ్ముతున్నాడు అని. ఏదైనా పర్లేదు, కానీ ఏదో ఒకటి ముందే తేల్చుకోండి. పిలుపులు ఆపించుకోవడం మీ అవసరమైతే విశ్వం పుట్టుక దాకా పోనక్కర్లేదు, ఆ ఒక్క ముక్క చెప్పి వచ్చేయొచ్చు.

2. చెప్పడం సేఫేనా చూసుకోండి

దీన్ని చాలామంది పట్టించుకోరు, పట్టించుకోవాలి. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధనా సంస్థ 198 దేశాలూ ప్రాంతాలూ పరిశీలిస్తే 2019లో 79 చోట్ల దైవదూషణ మీద చట్టాలు ఉన్నాయి, 22 చోట్ల మతం వదిలెయ్యడం మీదే చట్టం ఉంది. మీరు అలాంటి చోట ఉంటే ఇది ఇద్దరు ఫ్రెండ్స్ కబుర్ల విషయం కాదు, నమ్మకమైన మనిషితో అయినా ఎదురుగా తప్ప మాట్లాడొద్దు, మెసేజ్‌లో ఒక్క ముక్క కూడా వద్దు.

చట్టం లేకపోయినా ఇల్లు ఉంటుంది కదా. చదువుకి డబ్బులు ఇంట్లోవాళ్ళే ఇస్తూ, మీ ఫ్రెండ్ వాళ్ళమ్మా మీ అమ్మా రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళైతే, ముందే అడిగేయండి: "నేను చెప్పేది నీ దగ్గరే ఉండాలి, ఇంట్లో కూడా చెప్పకూడదు, ఓకేనా?" ఓకే అన్నాకే చెప్పండి. ఆలోచించి చెప్తా అంటే ఇంకోరోజు చూసుకోండి.

3. టైమూ చోటూ

ఇద్దరే ఉండాలి. గ్రూపులో మొదలైతే ఫ్రెండ్ మీతో మాట్లాడరు, చూసేవాళ్ళ కోసం మాట్లాడతారు, మీరూ అంతే. ఫ్రెండ్‌కి ముఖ్యమైన పండగ రోజు వద్దు, ఉపవాసంలో ఉన్నప్పుడు వద్దు, ఇంట్లో ఎవరికో బాలేనప్పుడు అసలు వద్దు. నడుస్తూ మాట్లాడుకుంటే బాగుంటుంది, ఎదురెదురుగా కూర్చుని కళ్ళలోకి చూసుకునే అవసరం లేదు, మధ్యలో మాట ఆగినా ఇబ్బందిగా ఉండదు. టైపింగ్‌లో మాత్రం వద్దు. అర్ధరాత్రి పన్నెండింటికి పంపిన "సరే నీ ఇష్టం" అనే మెసేజ్‌ని కోపంగానూ చదువుకోవచ్చు, ప్రేమగానూ చదువుకోవచ్చు, జనాలు ఎక్కువగా కోపంగానే చదువుకుంటారు.

4. మీ సంగతి రెండు ముక్కల్లో చెప్పండి

నాస్తికుణ్ణి అనగానే ఎదుటివాళ్ళ బుర్రలో ఒక బొమ్మ పడిపోతుంది, దేన్నీ లెక్కచేయని మనిషి, నవ్వేవాడు, తిట్టేవాడు అని. కాబట్టి ఆ మాట ఒక్కటే అనేసి ఊరుకోకుండా మీ విషయంలో దాని అర్థం ఏంటో కూడా చెప్పేయండి. ముందు అది మీకు తెలిసి ఉండాలి. "దేవుడు లేడని నాకు ఖాయంగా తెలుసు" అనేది ఒకటి, "ఉన్నాడని నమ్మడానికి నాకు కారణం కనపడలేదు" అనేది ఇంకొకటి, "తెలుసుకోవడం మనుషుల వల్ల అయ్యే పని కాదు" అనేది మూడోది. ఇందులో మీరు ఎక్కడో తేలకుండా దిగితే, గంటలో మూడు చోట్లా తిరిగి వస్తారు, ఫ్రెండేమో మీరు మాట మారుస్తున్నారు అనుకుంటారు.

చెప్పే తీరు ఎలా ఉండాలంటే నాకు డార్విన్ ఉత్తరం ఒకటి గుర్తొస్తుంది. ఆయనకి అమెరికాలో ఏసా గ్రే అని వృక్షశాస్త్రవేత్త ఫ్రెండ్ ఉండేవాడు, గట్టి క్రైస్తవుడు, అయినా డార్విన్ సిద్ధాంతం కోసం అమెరికాలో అందరికంటే ముందు నిలబడి వాదించిందీ ఆయనే. 1860 మే 22న డార్విన్ ఆయనకి రాసిన ఉత్తరంలో దేవుడి గురించి తన ఇబ్బంది చెప్పుకున్నాడు. ఒక రకం కందిరీగ బతికున్న గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని లోపల్నుంచి తింటూ పెరుగుతాయి, దయగల దేవుడు కావాలని ఇలాంటిది చేశాడంటే నమ్మలేకపోతున్నా అన్నాడు. అక్కడితో ఆగితే అది వాదన. కానీ అదే ఉత్తరంలో, ఈ అద్భుతమైన విశ్వమంతా ఊరికే గుడ్డిగా జరిగిపోయిందనుకున్నా నాకు తృప్తి లేదు, ఈ విషయం మనిషి బుర్రకి మించినది అని కూడా రాశాడు. గ్రే మారలేదు, డార్విన్ మారలేదు, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఉత్తరాలు నడిచాయి. మీకు ఎక్కడ గుచ్చుకుంటుందో చెప్పండి, మీకు తేలనిది ఏంటో కూడా చెప్పండి, రెండోది చెప్తేనే మొదటిది వినబుద్ధవుతుంది.

5. ఇక అడగండి, అడిగి ఊరుకోండి

అసలు పని ఇదే. "ఎందుకు నమ్ముతావ్" అని మాత్రం మొదలెట్టకండి. ఆ ప్రశ్న వినగానే ఎవరైనా కారణాలు పేర్చడం మొదలెడతారు, అప్పటిదాకా ఎప్పుడూ ఆలోచించని కారణాలు కూడా అప్పటికప్పుడు తయారు చేస్తారు, ఇక వాటిని కాపాడుకోవడమే పని అయిపోతుంది. ఇలా అడిగి చూడండి:

నీకు దేవుడంటే మనిషిలాంటి ఎవరో ఒకరా, లేక ఒక శక్తా?
చిన్నప్పుడు నమ్మినట్టే ఇప్పుడూ నమ్ముతున్నావా, మధ్యలో ఏమైనా మారిందా?
ఎప్పుడైనా డౌట్ వస్తే ఏం చేస్తావ్?
రేపు పొద్దున్న లేచేసరికి నీ నమ్మకం పోయిందనుకో, దేన్ని ఎక్కువ మిస్సవుతావ్?

చివరిది నాకు బాగా ఇష్టం. దానికొచ్చే జవాబే అసలు విషయం. "నాతో ఎవరో ఉన్నారనే ఫీలింగ్" అంటారు ఒకరు, "మా అమ్మతో కలిసి చేసే ఒకే పని అది" అంటారు ఇంకొకరు, "అన్యాయం చేసినోళ్ళకి ఎక్కడో ఒకచోట లెక్క తేలుతుందనే ధైర్యం" అంటారు మరొకరు. ముగ్గురూ దేవుణ్ణి నమ్మేవాళ్ళే, ముగ్గురితో మీరు మాట్లాడాల్సింది వేర్వేరు విషయాలు.

ఉదాహరణకి ఫ్రెండ్ "ఆయన లేకపోతే ఇవాళ నేను లేను" అన్నాడనుకోండి. మన నోటి దాకా వచ్చే జవాబు ఏంటి, "కష్టపడింది నువ్వు, క్రెడిట్ ఆయనకెందుకు?" అని. దాన్ని మింగేసి ఇలా పోనివ్వండి.

"ఎప్పటి సంగతి అది?"
"జాబ్ పోయినప్పుడు. ఇంట్లో చాలా రోజులు చెప్పలేదు. రోజూ టైమ్‌కి బ్యాగ్ తగిలించుకుని బయటికొచ్చేసేవాణ్ణి."
"వచ్చేసి ఎక్కడుండేవాడివి?"
"ప్రార్థన చేసే చోట, వెనక వరసలో. ఖాళీగా ఉండేది. సాయంత్రం దాకా కూర్చున్నా ఎవరూ ఏంటి అని అడగలేదు."

చూశారా, ఇక్కడ దేవుడు ఉన్నాడా లేడా అనేదానికి ఏ పనీ లేదు. ఈ మనిషికి దేవుడంటే ఏ ప్రశ్నా వేయకుండా కూర్చోనిచ్చిన ఒక వెనక వరస. దాని మీద మీరు విశ్వం పుట్టుక గురించి పాయింట్ వేస్తే అది ఎక్కడా తగలదు, తగిలితే తగలకూడని చోట తగులుతుంది. ఇక్కడ మీరు అనాల్సింది "అప్పుడు నాకెందుకు చెప్పలేదు?" అని, అంతే.

ఒక జాగ్రత్త. ప్రశ్నలు అడగమన్నా కదా అని కోర్టులో లాయర్‌లా జవాబు ముందే పెట్టుకుని ఒక్కో ప్రశ్నతో మూలకి నెట్టుకుంటూ పోకండి. "అయితే దేవుడు అన్నీ చేయగలడంటావ్, అవునా? దయగలవాడంటావ్, అవునా? మరి..." అనే పద్ధతి ఎవరికైనా మూడో ప్రశ్నకే అర్థమైపోతుంది. జవాబు మీకు నిజంగా తెలియని ప్రశ్నలే అడగండి.

ఇంకోటి, ఈ పరీక్ష మీకూ పెట్టుకోవాలి. 2002లో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు పరిశోధకులు జిప్ లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో తెలుసా అని జనాన్ని అడిగారు, బాగా తెలుసు అన్నారు అందరూ, సరే పూర్తిగా వివరించండి అనేసరికి తమకి అంత తెలియదని వాళ్ళే తగ్గించుకున్నారు. జిప్‌కే ఇలా ఉంటే పరిణామం గురించో, మెదడులోంచి స్పృహ ఎలా వస్తుందో అనేదాని గురించో మనం ఎంత ధీమాగా మాట్లాడతామో గుర్తు చేసుకోండి. ఫ్రెండ్ "సరే, నువ్వే వివరించు" అంటే మీ దగ్గర ఎన్ని వాక్యాలున్నాయో ముందే లెక్కేసుకోవడం మంచిది.

6. వాళ్ళ మాట మీ నోటితో చెప్పండి

మీ వైపు చెప్పేముందు "అంటే నువ్వనేది ఇదేనా" అని వాళ్ళది మీరే తిరిగి చెప్పండి. డేనియల్ డెనెట్ పేరుమోసిన నాస్తిక తత్వవేత్త, మత నమ్మకాల మీద ఘాటుగా రాసిన మనిషి, ఆయన కూడా అనతోల్ రాపోపోర్ట్ అనే ఆయన పద్ధతి అని చెప్పి ఇదే సలహా ఇచ్చాడు: ఎదుటివాళ్ళ వాదన వాళ్ళే "అరె, నేనిలా చెప్పుంటే బాగుండేదే" అనుకునేంత బాగా ముందు మీరు చెప్పాలి, తర్వాత ఇద్దరూ ఒప్పుకునేవి చెప్పాలి, వాళ్ళ నుంచి మీరు నేర్చుకున్నది చెప్పాలి, ఆ తర్వాతే విమర్శకి నోరు తెరవాలి అని. ఇదంతా చేసేసరికి సగం విమర్శలు మీకే అనవసరం అనిపిస్తాయి. "అవును, కరెక్ట్‌గా అదే" అని ఫ్రెండ్ నోటి నుంచి వినేదాకా ముందుకి పోవద్దు.

7. తప్పకుండా వచ్చే ప్రశ్నలు

"మరి ఇదంతా ఎవరు చేశారు?" దీనికి దమ్మున్న జవాబు "నాకు తెలీదు". సుమారు 1380 కోట్ల ఏళ్ళ కింద విశ్వం చాలా వేడిగా, చాలా చిక్కగా ఉండి అక్కణ్ణుంచి వ్యాకోచిస్తూ వచ్చిందనేదానికి (బిగ్ బ్యాంగ్ అనేది దీన్నే) మంచి ఆధారాలున్నాయి, కానీ అసలు ఏదైనా ఎందుకు ఉంది అనేదానికి బిగ్ బ్యాంగ్ జవాబు కాదు. సైన్స్ వచ్చాక దేవుడెందుకు అని మీరు తొందరపడకుండా ఉండడానికి ఒక సంగతి చెప్తా. ఆ సిద్ధాంతానికి పునాది వేసినవాళ్ళలో జార్జ్ లెమైత్ర్ క్యాథలిక్ ప్రీస్ట్. 1951లో పోప్ 12వ పయస్ ఈ సిద్ధాంతం సృష్టికి సాక్ష్యమన్నట్టు మాట్లాడితే, లెమైత్ర్‌కే నచ్చలేదు, సైన్స్‌ని సైన్స్‌గా ఉంచాలి అన్నది ఆయన వైఖరి. కాబట్టి బిగ్ బ్యాంగ్‌ని మీరూ వాడకండి, ఫ్రెండ్ వాడితే ఈ కథ చెప్పండి, ఇద్దరికీ బాగుంటుంది.

"దేవుడు లేకపోతే మంచీ చెడూ ఎవరు చెప్తారు?" దీని మీద ప్లేటో రాసిన పాత ప్రశ్న ఉంది, దేవుడు ఇష్టపడ్డాడు కాబట్టి అది మంచి అయిందా, మంచిది కాబట్టి దేవుడు ఇష్టపడ్డాడా అని. రెండువేల ఏళ్ళు దాటినా ఇంకా పదునుగానే ఉంది, చర్చ మీద ఆసక్తి ఉన్న ఫ్రెండైతే ఇది పెట్టి గంట సరదాగా గడిపేయొచ్చు. కానీ చాలాసార్లు ఈ ప్రశ్న వెనక తత్వశాస్త్రం ఉండదు, "భయం లేని నిన్ను నేనెలా నమ్మాలి?" అని ఉంటుంది. దానికి ప్లేటో పనికిరాడు. "ఇన్నేళ్ళలో నీకు నేను ఇచ్చిన మాట తప్పానా? అప్పుడు కూడా నేను నమ్మేవాణ్ణి కాదు" అంటే సరిపోతుంది.

"నమ్మితే పోయేదేముంది, ఉంటే లాభం, లేకపోతే నష్టం లేదు కదా?" ఇది ఫ్రెంచ్ గణితవేత్త పాస్కల్ చెప్పిన పందెం, ఆయన 1662లో చనిపోయాడు, ఇది 1670లో అచ్చయింది, ఇప్పటికీ ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు కొత్తగా కనిపెట్టినట్టు చెప్తూనే ఉంటారు. రెండు విషయాలు చెప్పొచ్చు. ఏ దేవుడి మీద పందెం కాయాలి, ఒకరిని నమ్మితే ఇంకొకరికి కోపం వస్తుందంటున్నారుగా. రెండోది, నమ్మకం స్విచ్ కాదు వేయడానికి, లాభం కోసం నమ్మినట్టు నటిస్తే ఆ దేవుడికి తెలియదా?

"నాకు స్వయంగా అనుభవమైంది" అంటే మాత్రం కొట్టిపారేయకండి. అనుభవం జరిగింది, అందులో అబద్ధం లేదు, దానికి కారణం ఏంటనే దగ్గరే మీరిద్దరూ విడిపోతున్నారు. "నీకు అలా అనిపించిందంటే నమ్ముతున్నా, దానికి కారణం నువ్వనుకునేదే అని మాత్రం నేను అనలేను" అనేస్తే నిజమూ చెప్పినట్టే, అవమానించనూ లేదు.

"స్టాలిన్ నాస్తికుడే కదా, ఎంతమందిని చంపించాడు?" నిజమే, చంపించాడు. ఒప్పుకుని ముందుకి పొండి. అలాగే మీరు కూడా మతం పేరుతో జరిగిన యుద్ధాలన్నీ తెచ్చి ఫ్రెండ్ ఒళ్ళో పడేయొద్దు, వాటిల్లో తన చేయి లేదు.

ఇక అన్నిటికంటే కష్టమైనది: "నువ్వు నరకానికి పోతావేమోనని నాకు భయంగా ఉంది." వినగానే ఒళ్ళు మండుతుంది, బెదిరింపులా ఉంటుంది. ఒక్క నిమిషం ఆగి తన వైపు నుంచి చూడండి. తను నమ్మేది తను నిజంగా నమ్ముతుంటే, మీరు కాలిపోతారని తెలిసి నోరు మూసుకుని ఉండే ఫ్రెండ్ ఏం ఫ్రెండ్? "నా గురించి అంత దిగులు పడుతున్నావంటే నాకు విలువే. కానీ ఆ భయం చూసి నేను నమ్మడం మొదలెట్టలేను, నన్ను ఇలాగే ఉండనివ్వు" అని చెప్పి, అదే మాట మళ్ళీ మళ్ళీ వస్తుంటే అప్పుడు గట్టిగా వద్దనండి.

8. గెలిపించే పాయింట్లు కొన్ని వాడకుండా ఉంచుకోండి

ఇలాంటివి బాగా చదివేవాళ్ళకి ఇది కష్టం. 2006లో హెర్బర్ట్ బెన్సన్ బృందం అమెరికాలో 1802 మంది గుండె బైపాస్ ఆపరేషన్ రోగుల మీద ప్రార్థన పనిచేస్తుందా అని పెద్ద అధ్యయనం వేసింది. తమ కోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన జరిగిన గుంపులో కాంప్లికేషన్లు 52 శాతం, జరగని గుంపులో 51 శాతం, అంటే తేడా లేనట్టే. మీకోసం ప్రార్థిస్తున్నారు అని ముందే చెప్పిన గుంపులో 59 శాతం, ఇంకా ఎక్కువ. నాస్తికుడి చేతికి దొరికితే వదలబుద్ధి కాని ఫ్యాక్ట్. మరి మీ ఫ్రెండ్ వాళ్ళమ్మ ఆపరేషన్ థియేటర్లో ఉండగా తను కళ్ళు మూసుకుని కూర్చుంటే చెప్తారా? చెప్పరు కదా. మామూలు రోజున మాత్రం తనే "ప్రార్థనకి సైంటిఫిక్ ప్రూఫ్ ఉంది తెలుసా" అని మొదలెడితే అప్పుడు చెప్పండి, పూర్తిగా చెప్పండి, ఒక్క అధ్యయనంతో దేవుడు లేడని తేలిపోదని కూడా కలిపి.

బెర్ట్రాండ్ రస్సెల్ అనే తత్వవేత్త 1952లో చెప్పిన టీ కెటిల్ ఉదాహరణ కూడా ఇలాంటిదే. భూమికీ అంగారకుడికీ మధ్య ఒక చిన్న టీ కెటిల్ సూర్యుడి చుట్టూ తిరుగుతోందని నేనంటే, లేదని మీరు నిరూపించలేరు, అంతమాత్రాన నమ్మాలా అని. రుజువు చూపే బాధ్యత ఎవరిది అనేదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఫ్రెండ్ మీద మాత్రం వాడొద్దు. తను రోజూ కన్నీళ్ళతో మాట్లాడుకునే దేవుణ్ణి మీరు టీ కెటిల్‌తో పోల్చారు అనే వినపడుతుంది. "చదువుకుని కూడా", "మూఢనమ్మకం", "నీకు చిన్నప్పుడు నూరిపోశారు" ఈ మూడూ కూడా ఇదే లిస్టులో వేసేయండి.

9. వేడెక్కితే

గొంతు పెరగడం కంటే ముందు వచ్చే గుర్తు ఇంకోటి ఉంది, ఎదుటివాళ్ళు మాట్లాడుతుండగానే మీరు జవాబు తయారు చేసుకుంటుంటారు. అది గమనించగానే ఆగండి. "మనం ఇప్పుడు గెలవడానికి మాట్లాడుతున్నాం, ఇవాళ్టికి వదిలేద్దామా?" అనండి. ఆఖరి మాట వాళ్ళదే కానివ్వండి, పర్లేదు, తెగేదాకా లాగి సాధించేది ఏమీ లేదు. ఇంటికెళ్ళాక గుర్తొచ్చిన అదిరిపోయే పాయింట్ మెసేజ్ చేయొద్దు. వీడియో లింకులు అసలు వద్దు, తను పంపినవి మీరు ఎంత ఓపిగ్గా చూశారో మీకు తెలుసు కదా.

10. ఎవరైనా పోయినప్పుడు

ఫ్రెండ్ "నాన్న పైనుంచి చూస్తున్నాడు" అంటే దాన్ని సరిచేయడం మీ పని కాదు, అలాగని మీరు కూడా "అవును, చూస్తున్నారు" అని అబద్ధం ఆడక్కర్లేదు. "నాన్నగారికి నువ్వంటే ఎంతిష్టమో నాకు తెలుసు" అనండి, అది నిజం, ఇద్దరికీ సరిపోతుంది.

మీకు దుఃఖం వచ్చినప్పుడు లెక్క తిరగబడుతుంది, తను వచ్చి పరలోకం గురించి ఓదార్పు చెప్తుంటే మీకు ఎక్కడో మండుతుంది. 1860 సెప్టెంబర్‌లో థామస్ హక్స్‌లీ అనే జీవశాస్త్రవేత్తకి నాలుగేళ్ళు కూడా నిండని కొడుకు చనిపోయాడు. ఛార్లెస్ కింగ్‌స్లీ అనే మతాధికారి ఓదారుస్తూ ఉత్తరం రాశాడు. హక్స్‌లీ కోపం తెచ్చుకోలేదు, థాంక్స్ చెప్పి, చాలా పెద్ద జవాబు రాశాడు, ఇంత బాధలో కూడా ఆధారం లేకుండా మరణానంతర జీవితాన్ని నమ్మలేను అన్నాడు. బిడ్డ అంత్యక్రియల్లో పాస్టర్ చదివిన మాట, చచ్చినవాళ్ళు తిరిగి లేవకపోతే తిని తాగుదాం రేపు చస్తాం కదా అన్నది, తనని ఎంత గాయపరిచిందో కూడా రాశాడు, నమ్మకం లేనివాడికి దుఃఖమూ విలువలూ ఉండవా అని. ఈ మాట మతం మీద వ్యాసంలో రాయలేదు, అడిగిన ఒక మనిషికి రాశాడు. మీరు కూడా ఏ మాట గుచ్చుకుందో సరిగ్గా ఆ మాటే చెప్పండి, "మీ మతంవాళ్ళంతా ఇంతే" అనకుండా.

11. పిలుపులూ ప్రార్థనలూ

"నీకోసం ప్రార్థిస్తా" అంటే థాంక్స్ చెప్పి వదిలేయండి, అంతకంటే ఏం లేదు అందులో. పెళ్ళికో ప్రార్థనకో పిలిస్తే ఎక్కడిదాకా వస్తారో ముందే చెప్పండి: వస్తాను, కూర్చుంటాను, అందరూ లేస్తే లేస్తాను, నమ్మకం ప్రకటించే మాటలు మాత్రం నోటితో అనను. ముందే చెప్తే అక్కడ అందరి ముందూ ఇబ్బంది ఉండదు.

రెండు వైపులా కాస్త జరిగితే ఎంత చోటు దొరుకుతుందో గోరా, గాంధీల సంగతి చూస్తే తెలుస్తుంది. గోరా (గోపరాజు రామచంద్రరావు) పూర్తి నాస్తికుడు, గాంధీకి దేవుడు లేకుండా పూట గడవదు. ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకున్నారు. నా ఆస్తికత్వం కరెక్టనీ అనలేను, నీ నాస్తికత్వం తప్పనీ అనలేను అన్నట్టు గాంధీ చెప్పారని గోరా రాసుకున్నారు. గోరా కూతురి పెళ్ళి తన చేతుల మీదుగా జరిపించడానికి ఒప్పుకుని, దేవుడి ప్రస్తావన తీసేసి సత్యం అనే మాట పెడదామన్నారు గాంధీ. 1948 జనవరిలో ఆయన హత్య జరిగిపోయింది, పెళ్ళి ఆ మార్చిలో జరిగింది. గాంధీ నాస్తికుడు కాలేదు, గోరా ఆస్తికుడు కాలేదు, పెళ్ళిలో వాడే ఒక్క మాట దగ్గర సర్దుకున్నారు. మీరిద్దరూ సర్దుకోవాల్సింది కూడా ఎక్కువగా ఇలాంటి చిన్న చోట్లే.

12. ఫ్రెండ్‌కే డౌట్లు మొదలైతే

ఇది ఎవరూ చెప్పరు, కానీ జరుగుతుంటుంది. కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసి "నువ్వన్నది ఆలోచిస్తూనే ఉన్నా, నాకూ నమ్మకం ఉందో లేదో తెలియట్లేదు" అంటారు. సంబరపడకండి, గొంతులో కూడా వినపడనివ్వకండి. మీకు అది ఒక అభిప్రాయం, తనకి అది ఇల్లు, వారానికోసారి కలిసే మనుషులు, పెళ్ళి సంబంధాలు, పోయిన నాన్నని మళ్ళీ చూస్తాననే ఆశ, అన్నీ ఒకేసారి కదులుతున్నాయి. అప్పుడు పుస్తకాల లిస్టు పంపొద్దు. నిద్ర పడుతుందా, తింటున్నావా అని అడగండి. ఇంట్లో ఇప్పుడే చెప్పాల్సిన పనేమీ లేదని చెప్పండి. ప్రార్థన ఆపాలని లేకపోతే ఆపొద్దని చెప్పండి, మళ్ళీ నమ్మకం వైపే వెళ్ళిపోతే మీరేమీ అనుకోరని కూడా చెప్పండి, నిజంగానే అనుకోకండి. ఇంతకుముందు తను నమ్మకంలోంచి ఏం పొందుతోందో ఐదో స్టెప్పులో అడిగి తెలుసుకున్నారు కదా, అది ఇప్పుడు పనికొస్తుంది. వెనక వరసలో ఎవరూ ఏమీ అడగకుండా కూర్చోనిచ్చే చోటే తనకి కావాల్సినదైతే, మీ ఇంటి తాళంచెవి ఒకటి ఇచ్చేయండి.